జానెడు తివాచీ

చాకలి కూర్మయ్య ఊరివాగు గెడ్డలో కాలుజారి బండమీద పడ్డ ఏడాది ఉద్దానంలో పనసచెట్లు విరగకాశాయి. ఊరంతా పనసపళ్ల వాసనతో మత్తెక్కిపోతుంటే, అతని పెళ్లాం తవిటమ్మ ఇంట్లో మాత్రం కట్టుకట్టిన ఆకుపసర్ల వాసనే. మందసనించి వచ్చిన కట్టువైద్యుడు కుడిభుజం సవరించి, వెదురుబద్దలు పెట్టి కట్టి, ఎముక అతుక్కుంటుందని చెప్పి వెళ్లాడు. ఆయన మాట వమ్ము కాలేదు. ఎముక అతుక్కుంది. చెయ్యి మాత్రం రొమ్ము దాటి పైకి లేవడం మానేసింది.

బండమీద బట్ట ఉతకాలంటే చెయ్యి తలదాటి లేవాలి. కూర్మయ్య ఒకటి రెండుసార్లు రేవుకి వెళ్లి చూశాడు. తడిపంచె రొమ్ముదాకా ఎత్తేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. పంచెని నీళ్లలోనే వదిలేసి గట్టుమీద కూర్చున్నాడు. తవిటమ్మ ఏమీ చూడనట్టు ఆ పంచె తీసుకుని ఉతికి పిండేసింది.

ఊళ్లో అతను బట్టలుతికే వాటా ఇళ్లు అన్న దాలయ్య పట్టుకున్నాడు. దాలయ్య చెడ్డవాడు కాడు. నూర్పిళ్లయ్యాక ఊళ్లో ఇచ్చిన గింజలు సమంగా పంచి, తమ్ముడి వాటా తనే బుట్టలో మోసుకొచ్చి గుమ్మంలో పెట్టేవాడు. "పని ఎవడు సేత్తే ఏటిరా, మనిద్దరం ఒక కడుపున పుట్టినోళ్లమే" అనేవాడు. ఆ మంచితనమే కూర్మయ్యకి మింగుడుపడలేదు. అన్న వస్తున్నాడంటే కొబ్బరితోటలోకి వెళ్లిపోయేవాడు. అసలే మితభాషి, ఆ తరవాత మాటలు మరీ తగ్గిపోయాయి. రోజంతా అరుగుమీద కూర్చుని కొబ్బరిపీచు పేనుతూ ఉండేవాడు. దేనికి పేనుతున్నావని అడిగితే ఇంకో పోగు అందుకునేవాడు.

తవిటమ్మ తీరు ఇందుకు పూర్తిగా భిన్నం. ఆమె నోరు ఊళ్లో పేరున్న నోరు. ఎవరైనా చీర రంగు వెలిసిందని దెబ్బలాటకి వస్తే, ఆ రంగు వాళ్ల అత్తగారు కట్టిన రోజుల్లోనే వెలిసిందని నలుగురి ముందూ ఒప్పించి, పైగా మజ్జిగ పోయించుకుని మరీ వచ్చేది. కానీ ఇంట్లో మొగుడి ముందు ఆ నోరు పనిచేసేది కాదు. ఎదుటివాడు ఒక్క మాటైనా అంటేనే కదా, పది మాటలు అనడానికి.

మరుసటి ఏడాది చలికాలం మొదట్లో పలాసనించి పోలారావు వచ్చాడు. తవిటమ్మకి మేనమామ కొడుకు. పలాసలో రైలుస్టేషను అవతల, దొరలూ ఉద్యోగస్తులూ దిగే బంగళాకి కాపలాదారు. ఎప్పుడూ తలపాగా నలగనివ్వని మనిషి, ఆవేళ తలపాగా చేత్తో పట్టుకుని వచ్చాడు.

"కొంప మునిగిపోనాది మరదలా" అన్నాడు అరుగుమీద కూలబడి. "బంగళాలో పెద్ద తివాచీ మీద ఆముదం దీపం పడిపోనాది. పడగొట్టినోడు రైలెక్కి ఎల్పోనాడు. మరో పెద్దాయన వత్తన్నాడు. ఇల్లు సూసుకోమని నన్నెట్టుకుంటే నూనిమరక సూపించమంటావేటి?"

"గెడ్డకి తెచ్చీకపోయావా బావా?"

"అది సావిడంత ఉన్నాది. బీరువాలు, మంచాలు అన్నీ దానిమీదే. ఎలగో తెచ్చినా, తడిస్తే ఏనుగు బరువవుతాది. ఆరేలోపల కుళ్లిపోతాది. మా ముందటోడు ఒకసారి అలగే సేసి ఉద్యోగం పోగొట్టుకున్నాడు."

తవిటమ్మ మొగుడివైపు చూసింది. కూర్మయ్య పేనుతున్న పీచు ఆపాడు, కానీ తల ఎత్తలేదు.

"మేం వత్తాం" అంది ఆమె.

"నాను రాను" అన్నాడు కూర్మయ్య. "ఈ సేత్తో ఏటి సేత్తాను?"

"కూకుని సేసే పని మావా. ఎత్తక్కర్నేదు, బాదక్కర్నేదు. మందస కోటలో పట్టుబట్టలు నువ్వెలగ ఉతికీవోడివి? బండకేసి కొట్టీవోడివా?"

అతను ఆలోచించాడు. నిజమే, పట్టుచీరని బండకేసి కొట్టేవాడు ఎవడూ లేడు. కుంకుడు నురగతో, వేళ్లతో, పసిపిల్లకి తలంటినట్టు ఉతకాలి. ఆ పనిలో కూర్మయ్యకి చుట్టుపక్కల పేరుండేది. కొంతసేపటికి అతను లేచి లోపలికి వెళ్లాడు. తిరిగి వచ్చినప్పుడు ఎడమచేతిలో కుంకుడుకాయల మూట ఉంది.

బంగళాలో తివాచీ చూడగానే తవిటమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. ఎన్నేళ్ల దుమ్ము అందులో చేరిందో ఆ రంగుకి పేరే లేదు. ఎండిన పేడలాంటి రంగు. మధ్యలో పళ్లెమంత నూనెమరక నల్లగా మెరుస్తోంది.

కూర్మయ్య తొందరపడలేదు. ముందు మరకమీద మెత్తటి తవుడు గుట్టగా పోసి, అరచేత్తో అదిమి వదిలేశాడు. "తవిటమ్మ ఉండగా మళ్లా తవుడెందుకు" అని పోలారావు ఎకసెక్కమాడాడు. ఆమెకన్నా ముందు పుట్టిన పిల్లలు దక్కకపోతే, ఆమె పుట్టగానే తల్లిదండ్రులు పొరుగావిడ చేతిలో పెట్టి, తవుడిచ్చి మళ్లీ కొనుక్కున్నారు. ఆ పేరు అలా వచ్చింది. తవుడు నూనెని పీల్చుకుంది. దాన్ని ఎత్తేసి మళ్లీ పోశాడు. ఈలోగా తవిటమ్మ కుంకుడు రసం కుండలో పోసి, కవ్వంతో మజ్జిగ చిలికినట్టు చిలికింది. నురగ కుండ అంచుదాకా పొంగింది. కూర్మయ్య కింది నీళ్లు తగలకుండా పైనురగ మాత్రమే పీచుకుంచెతో తీసి, మరకమీద గుండ్రంగా రాశాడు. ఎడమచెయ్యి రాస్తుంటే కుడిచెయ్యి గుడ్డతో వెనకే తుడుచుకుంటూ వచ్చింది. ఆ పనికి చెయ్యి రొమ్ము దాకా కూడా లేవక్కర్లేదు.

మురికి నురగలోకి ఎక్కి గుడ్డమీదకి వచ్చింది. దాని కింద ముందు ఒక ఎర్రటి రేకు కనిపించింది. తరవాత పువ్వు. పువ్వు పక్కన పచ్చటి ఆకు. ముగ్గురూ వంగి చూశారు. అక్కడ పువ్వుందని పోలారావుకి కూడా తెలియదు. ఇన్నేళ్లుగా దానిమీద నడుస్తున్నాడు.

"బతికించినావు తమ్ముడా" అన్నాడు. వెంటనే ఆయన మొహం మారిపోయింది. రెండడుగులు వెనక్కి వేసి చూశాడు. గుమ్మందాకా వెళ్లి అక్కడినించి చూశాడు. "ఇదేటి ఇలగయిపోనాది? మరక పోనాది గాని, ఇప్పుడీ ఒక్క ముక్కా దీపం పెట్టినట్టుంది. మిగతాదంతా పశువులసాల లాగున్నాది. వచ్చినాయన సూపు ముందు ఇక్కడికే పోతాది, తరవాత మిగతాదానిమీద పడతాది. ఇన్నాళ్లు ఏటి సేత్తన్నావురా అంటే నానేటి సెప్పాల?"

"అయితే అంతా సెయ్యాల" అన్నాడు కూర్మయ్య. చాలా కాలానికి అతని నోట ఒక పని గురించి వచ్చిన మొదటి మాట అది.

సామాన్లు ఒక్కో గోడకీ జరుపుకుంటూ తివాచీ అంతా శుభ్రం చేశారు. బంగళాకి వచ్చిన పెద్దాయన కొత్త తివాచీ ఎప్పుడు కొన్నారని పోలారావుని అడిగాడట. ఆ మాట పోలారావు పలాసంతా చెప్పుకున్నాడు, తనే ఉతికినంత గొప్పగా.

తవిటమ్మ మనసులో మాత్రం పోలారావు వెనకడుగు వేసి చూసిన చూపు నిలిచిపోయింది. గెడ్డలో బట్టలు పిండుతున్నా అదే. ఒకనాడు అన్నం పెడుతూ బయటపెట్టింది.

"మావా, మనం ఇల్లిల్లూ తిరిగి పనియ్యమని అడిగితే ఎవుడిత్తాడు? ఒక్క జానెడు మేర సేసి సూపిత్తాం, ఊరికే సూడండి అందాం. తరవాత మనం అడగక్కర్నేదు. రోజూ ఆ జానెడే ఆళ్లని అడుగుతాది."

"అది మోసం కాదా?"

"మురికి మనం పోసినామేటి? అక్కడున్నదే కదా సూపిత్తన్నాం."

కూర్మయ్య నవ్వాడేమోనని ఆమెకి అనుమానం వచ్చింది. దీపం వెలుతురు చాలక సరిగ్గా కనిపించలేదు.

అలా మొదలైంది. కుండ, కవ్వం, కుంకుళ్లు, తవుడు, పీచుకుంచెలు, తెల్లగుడ్డలు మూటకట్టుకుని ఇద్దరూ ఊళ్లు పట్టారు. అన్నిచోట్లా ఒకలా జరగలేదు. మందసలో ఒక ధాన్యం వర్తకుడు జానెడు మేర చూసిన మర్నాడే కబురు పెట్టాడు. కాశీబుగ్గలో ఒక ప్లీడరుగారు చూసి ముచ్చటపడి, మజ్జిగిచ్చి, శుభ్రమైన చోట రాతబల్ల జరిపించుకుని పంపేశాడు. ఇంకొకాయన వీధిగుమ్మం కూడా ఎక్కనివ్వలేదు. తవిటమ్మ వెళ్లినచోటల్లా తనే మాట్లాడేది. కూర్మయ్య తలవంచుకుని నురగ రాసేవాడు. అతనికి చెవుడని చాలామంది అనుకున్నారు.

టెక్కలిలో ఉద్యోగస్తులు సాయంత్రాలు పేకాటకీ, పేపర్లకీ చేరే క్లబ్బు ఒకటుంది. బంగళా తివాచీ సంగతి అక్కడిదాకా పాకింది. చూపించమని కబురొస్తే ఇద్దరూ పెద్దరైల్లో నౌపడా వెళ్లి, అక్కడ పర్లాకిమిడి పోయే చిన్నరైలెక్కి టెక్కలిలో దిగారు. తవిటమ్మ ఆవేళ పెట్టెలోంచి తీసి మరీ మంచి చీర కట్టుకుంది. ఈ ఒక్క చోట పని దొరికితే, ఆ ఉద్యోగస్తులందరి ఇళ్లూ, కచేరీలూ తెరుచుకుంటాయని ఆమె లెక్క.

క్లబ్బు వ్యవహారాలు చూసేది భాస్కరరావుగారు. సన్నగా, పొడుగ్గా, ఎవరినీ నొప్పించకుండా ఎవరినీ నమ్మకుండా మాట్లాడే మనిషి.

"చూడమ్మా, మీకు ముందే చెబుతున్నాను" అన్నాడు. "ఇంతకు ముందు ఒకడు ఇలాగే వచ్చి పాత తివాచీమీద ఏవో పొడులు కలిపి పోశాడు. నిలువునా పాడైపోయింది. అందరూ నన్నే అన్నారు. ఇది కొత్తగా తెప్పించింది. మీరేం చేసినా నా కళ్లముందే చెయ్యాలి, ఓ మూలగా చెయ్యాలి."

"అలగే బాబూ. మీరు ఏ మూల సూపిత్తే ఆ మూలే" అంది తవిటమ్మ.

పేకాటకి వచ్చినవాళ్లు ముక్కలు పక్కన పెట్టి చుట్టూ చేరారు. తవిటమ్మ కవ్వం తిప్పుతూ గొంతెత్తింది. బంగళాలో దీపం పడిన కథ, కింద పువ్వు బయటపడిన కథ రక్తికట్టేలా చెప్పింది. అందరూ నవ్వుతూ విన్నారు. నురగ పొంగింది. కూర్మయ్య కుంచె ముంచలేదు. తెల్లగుడ్డ కొస తడిపి, తివాచీలో ఎర్రరంగు ఉన్నచోట ఒత్తి, పైకి తీసి చూశాడు. మళ్లీ ఒత్తాడు. గుడ్డ ఎర్రగా వచ్చింది.

అతను గుడ్డ మడిచి పక్కన పెట్టాడు.

"బాబూ, ఇది నాను సెయ్యను" అన్నాడు.

తవిటమ్మ చేతిలో కవ్వం ఆగిపోయింది. ఎవరో కిసుక్కున నవ్వారు. "ఇంతసేపూ గారడీ వాడిలా డప్పు కొట్టి, పాము ఏదంటే బుట్టలో లేదన్నట్టుందే" అన్నారు ఒకాయన. మిగతావాళ్లు కూడా నవ్వేశారు.

"ఎందుకు చెయ్యవు?" అని అడిగాడు భాస్కరరావు.

"రంగు నిలవదు బాబూ. తడి తగిల్తే ఎరుపొచ్చి తెలుపులో కలిసిపోతాది. దుమ్ము దులపగలను. తవుడు రాసి తుడవగలను. అంతకన్నా సేత్తే పాడైపోతాది."

భాస్కరరావు ఆ గుడ్డ తీసుకుని ఎరుపు చూశాడు. తలాడించాడు. "సరే, వెళ్లిరండి" అన్నాడు. అంతే. పేకాటవాళ్లు ముక్కలు పంచుకోవడం మొదలుపెట్టారు. నురగకుండ ఎత్తుకుని వరండా మెట్లు దిగుతుంటే తవిటమ్మకి మెట్లు కనపడలేదు.

స్టేషన్లో చిన్నరైలు కోసం కూర్చున్నాక ఆమె నోరు విప్పింది.

"ఒక్క సుట్టు రాసి సూపిత్తే నీ సొమ్మేటి పోనాది? తెల్లగున్న సోట రాయకపోయావా? అంతమంది ముందు నా మొగం ఎక్కడెట్టుకోవాల?"

"తెల్లగున్న సోట రాసి సూపిత్తే పని ఇచ్చీసుదురు" అన్నాడు కూర్మయ్య. "ఇచ్చినాక ఎర్రసోట ఏటి సేత్తాను?"

"అప్పుడు సూసుకుందుం."

"అప్పుడు సూసుకునేది ఏటీ ఉండదు తవిటీ. పోయింది పోయినట్టే." అతను కుడిచెయ్యి మోకాలిమీద పెట్టుకుని దాన్నే చూస్తూ అన్నాడు. "ఒకలి సేతిలోది నా సేతిలో పాడైపోతే, నానింక ఏ గుమ్మం ఎక్కలేను. ఇప్పుడిప్పుడే కదా ఎక్కుతన్నాను."

ఆమెకి కోపం తగ్గలేదు. ఇంటికి వచ్చేదాకా మాట్లాడలేదు, ఇంటికి వచ్చాక కూడా సరిగ్గా మాట్లాడలేదు. కానీ 'ఇప్పుడిప్పుడే కదా' అన్న మాట మాత్రం చెవుల్లో మెదులుతూనే ఉంది. తను మొగుడికి తోవ చూపిస్తున్నాననుకుంది ఇన్నాళ్లూ. అతను ఎంత భయంగా, ఎంత కష్టంగా ఆ గుమ్మాలు ఎక్కుతున్నాడో ఒక్కసారీ అడగలేదు. ఆ సంగతి తోచాక కోపం మొగుడిమీదనించి తనమీదకి మళ్లింది. అదీ కొన్నాళ్లుండి చల్లారింది.

సంక్రాంతి వెళ్లి మామిడి పూతకి వచ్చే వేళకి భాస్కరరావు ఏదో పనిమీద పలాస వచ్చి బంగళాలో దిగాడు. పోలారావు తమకోసం పరిగెత్తుకు వస్తే, తవిటమ్మ ముందు వెళ్లనంది. తరవాత కూర్మయ్య బయలుదేరుతున్నాడని చూసి తనూ వెంట వెళ్లింది.

భాస్కరరావు తివాచీమీద నిలబడి పువ్వులు చూస్తున్నాడు. "మొదటివాడు రంగు పరీక్ష చేసి ఉంటే మా పాత తివాచీ మిగిలేది" అన్నాడు. "ఆరోజు మావాళ్లు నవ్వారు. నేను నవ్వలేదు కానీ వాళ్లని ఆపనూ లేదు. టెక్కలి వచ్చి మాది తవుడుతోనే తుడిచిపెట్టండి, నువ్వు చెప్పిన మేరకే. అది చిన్నపనేలే. ఇచ్ఛాపురంలో లోకనాథం అని బట్టల వర్తకుడున్నాడు. ఆయన కొట్లో పరిచింది చూస్తే మీకు పని కనిపిస్తుంది. నేను చెప్పానని చెప్పండి. చేయగలిగితే చెయ్యండి, లేకపోతే లేదనండి."

"అలగే బాబూ" అన్నాడు కూర్మయ్య. తవిటమ్మ రెండు చేతులూ జోడించింది.

ఇచ్ఛాపురం వెళ్లేసరికి తవిటమ్మ గొంతు పూడుకుపోయింది. మంచుకి జలుబు చేసి, రైలు దిగేవేళకి మాట గాలిలా వస్తోంది. పైగా అది సంతరోజు. లోకనాథం కొట్టు జనంతో కిటకిటలాడుతోంది. బాహుదానది అవతలి ఒడియా ఊళ్లనించి వచ్చిన ఆడవాళ్లు గుంపులు గుంపులుగా చీరలు తీయించి చూస్తున్నారు. కొట్టు నేలంతా పరిచిన తివాచీమీద వచ్చేపోయేవాళ్ల కాళ్లమట్టి, తలనూనె, తాంబూలం మరకలు పొరలుగా పేరుకుని ఉన్నాయి.

లోకనాథం బొద్దుగా, చెమటలు కక్కుతూ, ఒక మాట తెలుగులో, ఒక మాట ఒడియాలో మాట్లాడుతున్నాడు. "భాస్కరరావుగారు చెప్పారా? ఆయన మాట కాదనను. కానీ ఇవాళేటమ్మా? ఆ గుమ్మం పక్కన చేసి చూపించేసి వెళ్లండి. అడ్డం రాకండి."

తవిటమ్మ మూట విప్పి కవ్వం తిప్పింది. నురగ చూసి ఆడవాళ్లు మూగారు. ఒకావిడ ఏదో అడిగింది. తవిటమ్మకి అర్థం కాలేదు. జవాబు చెప్పబోతే గొంతులోంచి మాట రాలేదు. ఆవిడ మళ్లీ అడిగింది. జీవితంలో మొదటిసారి తవిటమ్మ నోరు తెరిచి, ఏమీ అనలేక మూసుకుంది.

అప్పుడు కూర్మయ్య తల ఎత్తి ఆవిడకి ఒడియాలో జవాబు చెప్పాడు.

అతని తల్లిది నది అవతలి ఊరు. చిన్నప్పుడు అమ్మమ్మ దగ్గర పెరిగాడని తవిటమ్మకి తెలుసు. కానీ ఆ భాషలో అతను మాట్లాడగా ఎప్పుడూ వినలేదు. మాట్లాడేందుకు ఊళ్లో ఎవరున్నారు? ముందు తడబడ్డాడు. ఒక పదం కోసం వెతుక్కుంటే ఆడవాళ్లే అందించారు. తరవాత మాట గెడ్డకి కొత్తనీరు వచ్చినట్టు వచ్చింది. తెల్లగుడ్డ తడిపి రంగులమీద ఒత్తి, అందరికీ తిప్పి చూపించాడు. గుడ్డకి మట్టే అంటింది, రంగు అంటలేదు. "దేఖొ" అంటూ నురగ రాశాడు. ఏదో అన్నాడు, ఆడవాళ్లంతా పకపకా నవ్వారు. ఏమన్నాడో తవిటమ్మకి తెలియదు. మొగుడు నలుగురిని నవ్వించగలడని కూడా ఆమెకి తెలియదు. కవ్వం పట్టుకుని, ఎవరో కొత్తమనిషిని చూస్తున్నట్టు అతన్ని చూస్తూ ఉండిపోయింది.

మట్టికింద నీలం రంగు బయటపడింది. సముద్రం పొద్దుటిపూట ఉండే నీలం. అందులో తెల్లటి తీగ. ఇద్దరు మనుషులు కూర్చునేంత మేర చేసి, పొడిగుడ్డతో తడంతా ఒత్తి తీసి, కూర్మయ్య చేతులు తుడుచుకున్నాడు.

లోకనాథం వంగి చూశాడు. "బాగుంది. చాలా బాగుంది. ఈ పెళ్లిళ్ల బేరాలు కానివ్వండి, వేసవి వెళ్లాక చూద్దాం" అని మళ్లీ గల్లాపెట్టె దగ్గరికి పోయాడు. వేసవి వెళ్లాక అంటే ఏమిటో తవిటమ్మకి తెలుసు. మూట కట్టడం మొదలుపెట్టింది.

అంతలో ఒక ముసలావిడ కోడళ్లతో వచ్చింది. పెళ్లిచీరలు కొనడానికి వచ్చినవాళ్లలా ఉన్నారు. ఆవిడ గుమ్మంలో ఆగి అటూ ఇటూ చూసి, తిన్నగా వచ్చి నీలం ముక్కమీద కూర్చుంది. పెద్దకోడలు పక్కన ఒదిగింది. చిన్నకోడలికి చోటు చాలలేదు. కొంగు ఎత్తిపట్టుకుని నిలబడింది. తరవాత వచ్చినవాళ్లు కూడా ఆ ముక్క చుట్టూ నిలబడ్డారే కానీ ఎవరూ కూర్చోలేదు. చీరలు పరిచే గుమాస్తాకి ఎవరికి చూపించాలో తెలియలేదు.

"కూర్చోండమ్మా, కూర్చోండి. అంతా ఒకటే తివాచీ" అన్నాడు లోకనాథం.

ముసలావిడ తెలుగులో అంది, "అంతా ఒకటేనా బాబూ? అయితే నువ్వొచ్చి అక్కడ కూకో. నీ పంచి తెల్లగుంది, సూద్దాం."

కొట్టంతా గొల్లుమంది. లోకనాథం తన పంచెవంక చూసుకున్నాడు. ఆయనకి కోపం వస్తుందని తవిటమ్మ బెదిరింది. కానీ ఆయన వర్తకుడు, పైగా హాస్యం తెలిసినవాడు. తనూ నవ్వేసి, గల్లాపెట్టె దిగి, మూట ఎత్తుకున్న కూర్మయ్య దగ్గరికి వచ్చాడు.

"మీరు నాకు కొట్టు బాగుచేశారో, బేరం చెడగొట్టారో తెలియడం లేదు" అన్నాడు. "ఆవిడ లేస్తే కానీ ఇంకొకరు కూర్చునేలా లేరు. రేపు సంత ఉండదు. పొద్దుటే మొదలుపెడితే ఎప్పటికి అవుతుంది?"

"సగం సగం సేత్తాం బాబూ. సగం ఆరుతుంటే మిగతా సగంలో బేరం సేసుకోవచ్చు. మీ కొట్టు ముయ్యక్కర్నేదు" అన్నాడు కూర్మయ్య. ఈ మాట తవిటమ్మ నేర్పింది కాదు.

ఆ రాత్రికి ఉండమని లోకనాథం కొట్టు వెనక వసారా చూపించాడు. సంత సద్దుమణిగింది. పక్కకొట్టు ఆసామి వచ్చి, గుమ్మంలోంచి నీలం ముక్కని తొంగిచూసి, ఏమీ అనకుండా వెళ్లి, మళ్లీ తన తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చి చూశాడు. తవిటమ్మకి లోలోపల నవ్వొచ్చింది. రేపో ఎల్లుండో ఆ గుమ్మం కూడా పిలుస్తుంది.

వసారాలో చద్దిమూట విప్పుతూ, బొంగురుగొంతుతో మొగుణ్ణి అడిగింది. "కూకోండమ్మా అని ఆళ్ల మాటలో ఏటంటారు?"

"బొసొ మా."

"బొస్సు మా."

"బస్సు కాదే, బొసొ" అని కూర్మయ్య నవ్వాడు. ఈసారి వెలుతురు బాగానే ఉంది. స్పష్టంగా చూసింది.

మర్నాడు పొద్దున్న కొట్టు తెరిచేసరికి ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. కూర్మయ్య లోపల నురగ పనిలో ఉన్నాడు. తవిటమ్మ చేతులు తుడుచుకుని, కొంగు సర్దుకుని, గుమ్మం దగ్గర నీలం మేర చూపించి, వచ్చీరాని గొంతుతో "బొసొ మా" అంది. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వి, కూర్చున్నారు.